దండెం మీద ఖాళీ అట్ట

నా పెళ్ళిలో, నా పీట వెనక నిలబడి అడ్డుతెర అంచు పట్టుకున్న సమయానికి, వాళ్ళమ్మ పోయిందని మా అత్తయ్యకి తెలుసా, తెలియదా?

ఈ ప్రశ్న నాలో పడి ఇరవై ఏళ్ళు దాటింది. అన్నేళ్ళలో ఒక్కసారి అడగలేకపోయావా అని మీరు అనవచ్చు. నోటిదాకా వచ్చి ఆగిపోయిన సందర్భాలున్నాయి. ఇక ఆ అవకాశం లేదు. పోయిన నెల ఒక ఉదయం, రావులపాలెంలో తన ఇంట్లో, కాఫీ తాగి గ్లాసు కడిగి బోర్లించి, వెనక వరండాలో కుర్చీలో కూర్చున్న అత్తయ్య మళ్ళీ లేవలేదు.

అత్తయ్య అంటే మా నాన్నగారి అక్క. జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో సోషల్ చెప్పి రిటైరయింది. నాకు అక్షరాలు దిద్దించింది అమ్మే గానీ, ఒక సంగతి ముందా, వెనకా అని ఆలోచించడం నేర్పింది మాత్రం అత్తయ్య.

ఆ కబురు నాకు చుట్టాల నుంచి రాలేదు. రాజమండ్రిలో మా కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను. ఫోన్‌లో ఒక గ్రూపులో మెసేజ్ వచ్చింది. ‘అత్తయ్యగారు ఇక లేరు. ఇప్పుడే వాళ్ళబ్బాయిగారు చెప్పారు.’ పెట్టింది భీమవరంలో ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి. ఆ గ్రూపు మా బంధువులది కాదు. ఒక సూపర్ హీరో సినిమాల సిరీస్‌లో ఏ సంఘటన ఎప్పుడు జరిగిందో వరస తేల్చే అభిమానుల గ్రూపు. అందులో అందరికీ ఆవిడ అత్తయ్యగారే. నేను ఒక మూలన ఉండి చదువుతూ ఊరుకునేదాన్ని.

చదివిన వెంటనే మా బావ ఫోన్ చేశాడు. బావ అంటే అత్తయ్య కొడుకు.

“అమ్మకి కొంచెం బాగోలేదమ్మా. నువ్వొకసారి బయల్దేరి రా.”

“ఏమైంది బావా?” అన్నాను.

“కంగారు పడకు. రా, చెప్తాను.”

నా గొంతు మామూలుగానే ఉంది. ఎదురుగా కూర్చున్న మేడమ్ తల కూడా ఎత్తలేదు. పాపం, బావ నాకు మెల్లగా చెబుదామనుకున్నాడు. అత్తయ్య ఫోన్‌కి ఆ అమ్మాయి ఫోన్ చేస్తే తనే ఎత్తి, పరాయి పిల్ల కదా అని ఉన్నమాట చెప్పేశాడు. తెలిసీ తెలియనట్టు మాట్లాడటం ఇంత తేలికా అని బస్సులో రావులపాలెం చేరేదాకా అనుకుంటూనే ఉన్నాను.

ఒక రిటైర్డ్ సోషల్ టీచరు ఆ సినిమాల్లోకి ఎలా వచ్చిందో చెప్పాలి. మావయ్య బతికున్న రోజులవి. మనవరాలు సెలవులకి వచ్చి టీవీలో ఆ సిరీస్ చూస్తోంది, తెలుగు డబ్బింగులో. హీరో ఓడరేవులో క్రేన్ నడిపేవాడు. ఒక ప్రమాదం తరవాత అతనికి నీటిని ఆపే శక్తి వస్తుంది. గోరుచిక్కుడుకాయలు తుంచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్న అత్తయ్య, కాసేపు చూసి అడిగింది.

“ఆ ముసలాయన నిన్నటి సినిమాలో పోయాడు కదే? మళ్ళీ ఎలా వచ్చాడు?”

“ఇది ముందు జరిగింది నాయనమ్మా.”

“ముందు జరిగింది తరవాతెందుకు తీశారు?”

“అదంతే.”

“అదంతే అని రాస్తే నేను మార్కులెయ్యను.”

అక్కడ మొదలైంది. మొదటి సినిమా, రెండో సినిమా అని లెక్క చూస్తే రెండోది హీరో చిన్నప్పటి కథ. అయిదోది మొదటికీ మూడోదానికీ మధ్య జరుగుతుంది. అత్తయ్యకి ఇది నచ్చలేదు. ముప్పై ఏళ్ళకు పైగా గోడమీద కాలరేఖలు గీయించిన మనిషి. రాజులూ యుద్ధాలూ వరసలో లేకపోతే పిల్లలకి ఏదీ బుర్రకెక్కదని నమ్మిన మనిషి. కాగితం మీద గీస్తే దిద్దుకోవాలి, కొట్టేయాలి. అందుకని వెనక వరండాలో బట్టలారేసే దండేన్ని వాడుకుంది. కాజాల అట్టపెట్టెలు ముక్కలుగా కత్తిరించి, ఒక్కో సంఘటనా ఒక్కో అట్ట మీద రాసి, బట్టల క్లిప్పులతో దండేనికి తగిలించేది. ఎడమనుంచి కుడికి కాలం. కొత్త ఆధారం దొరికితే క్లిప్పు తీసి అట్టని జరపడమే. కొట్టివేతలు లేవు.

దాంతో బట్టలకి చోటు పోయింది. మావయ్యగారు ఊరుకుంటారా?

“ఏమోయ్, నా పంచెలు మంచం మీద ఆరుతున్నాయి. నీ హీరోలకి మాత్రం ఎండా గాలీ బాగా తగులుతున్నాయి.”

“రేపు తాడు తెచ్చి ఇంకో దండెం కట్టండి.”

“దానిమీద మళ్ళీ విలన్లని ఆరేస్తావేమో!”

వాన చినుకు పడిందంటే అత్తయ్య ముందుగా అట్టల దగ్గరికి పరిగెత్తేది. “ఆయన నీళ్ళాపుతాడటగా, నా పంచె మీద పడే వానని కూడా ఆపమను,” అని మావయ్య గుమ్మంలోంచి కేకలేస్తూనే, తనూ వచ్చి రెండు అట్టలు అందుకునేవారు. ఏ అట్ట తరవాత ఏదో ఆయనకీ తెలుసు. ఒకసారి ఇంటికొచ్చిన బంధువొకాయన తెలియక ఒక అట్ట తీసి విసురుకుంటూ కూర్చుంటే, “అది వంతెన కూలడమండీ, జాగ్రత్త,” అన్నారు మావయ్య, చాలా మామూలుగా.

మనవరాలి చేత అత్తయ్య ఫోన్‌లో ఆ అభిమానుల గ్రూపులో చేర్పించుకుంది. అందులో ఎక్కువమంది కాలేజీ పిల్లలు. భీమవరంలో ఒక రొయ్యల మేత కంపెనీలో పనిచేసే నడివయసాయన కూడా ఉండేవాడు. మొదట్లో వాళ్ళకి ఈవిడ ఎవరో తెలియదు. “ఎవరు బ్రో మీరు, ఇంత క్లియర్‌గా పెడుతున్నారు?” అని ఎవరో అడిగితే, “బ్రోని కాదు నాయనా, మీ అత్తయ్య వయసుంటుంది నాకు,” అని జవాబు పెట్టింది. ఆ రోజు నుంచి అత్తయ్యగారు. ఆదివారాలు ఫోన్‌ని దండేనికి ఎదురుగా, డబ్బా మీద ఆనించి వీడియో కాల్ పెట్టేది. నేను వెళ్ళినప్పుడల్లా ఆ కాల్స్ వినేదాన్ని. అచ్చం క్లాసే.

“ముఖాలు చూడకండర్రా. ముఖం మనం ఎలా పెట్టుకోవాలంటే అలా పెట్టుకోవచ్చు. ఒంటిమీద ఏముంది, చేతిలో ఏముంది, అది చూడండి.”

“అత్తయ్యగారూ, ఇక్కడ గాయం లేదండి. ముందు సీన్లో ఉంది కదండీ?”

“అయితే అది ముందు సీను కాదేమో! జరిపి చూడండి.”

“తెలియట్లేదండి.”

“తెలియదని రాయండి. సగం మార్కులు వేస్తాను. గాలికి రాసినవాళ్ళకి అవీ లేవు.”

అన్నిటికంటే ఆవిడ నమ్మే ఆధారం బడి సెలవులు. తారీఖులు మరిచిపోయేది గానీ, మా ఇంట్లో జరిగిన ప్రతీదీ క్వార్టర్లీ పరీక్షల ముందు, హాఫియర్లీ తరవాత, దసరా సెలవులు ఇచ్చిన మర్నాడు అని గుర్తుపెట్టుకునేది. సినిమాలో ఎక్కడైనా బడిపిల్లలు కనిపిస్తే చాలు, యూనిఫాంలో ఉన్నారా, ఆడుకుంటున్నారా అని ఆపి ఆపి చూసేది. పిల్లలు అబద్ధమాడతారేమో గానీ సెలవులు ఆడవని గ్రూపులో అందరికీ నేర్పేసింది.

ఆవిడకి ఒక అలవాటుండేది. అది ఇక్కడే చెప్పేయాలి, తరవాత కావాలి. తలలో రోజూ పూలుండేవి. మావయ్య పోయాక మానేసింది గానీ, అంతకుముందు కనకాంబరాలు లేని జడతో ఆవిణ్ణి నేను చూసిన సందర్భాలు తక్కువ. అయితే ఆ పూలు సాయంత్రం దాకా ఆవిడ తలలో ఉండటం కూడా తక్కువే. పూలు లేని ఆడపిల్ల కనిపిస్తే చెయ్యి వెనక్కి వెళ్ళిపోయేది. భీమవరం అమ్మాయి మొదటిసారి దండెం చూడాలని స్నేహితులతో బైకుల మీద వచ్చినప్పుడు, కాఫీ ఇచ్చేముందే తన పూలు తీసి ఆ పిల్ల క్లిప్పుకి తురిమేసింది. “వద్దండీ, హెల్మెట్ పెట్టుకోవాలండి,” అంటోంది ఆ పిల్ల. “వెళ్ళేటప్పుడు పెట్టుకుందువుగాని. ఇంట్లో ఉన్నంతసేపు ఆ తల చూడాల్సింది నేనే కదా,” అంది అత్తయ్య.

ఇప్పుడు నా పెళ్ళి సంగతి.

నాయనమ్మ, అంటే అత్తయ్యకీ నాన్నగారికీ అమ్మ, అప్పటికి చాలాకాలంగా మంచం మీద ఉంది. ద్రాక్షారామం దగ్గర ఊళ్ళో ఇల్లు. పెళ్ళి రాజమండ్రిలో, కల్యాణమండపంలో. ఆవిణ్ణి కదిలించే స్థితి లేక, పక్కింటావిణ్ణి తోడు పెట్టి మేమంతా వచ్చేశాం. పగటి ముహూర్తం. ఆ ఉదయమే నాయనమ్మ పోయింది.

మావైపు పద్ధతి ప్రకారం చావు కబురు చెవిన పడిన దగ్గర్నుంచి మైల. కన్యాదానం చెయ్యాల్సింది నాన్నగారు, పోయింది ఆయన కన్నతల్లి. ఆయన చెవిన పడితే పెళ్ళి అక్కడితో ఆగాలి. ఇలాంటప్పుడు కబురు ముందుగా విన్నవాళ్ళెవరో దాన్ని కడుపులో పెట్టుకుని, కార్యం అయ్యాక చెబుతారు. మా ఇళ్ళలో ఇది కొత్త కాదు, ఎవరూ తప్పనుకోరు. మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకునే మాట ఏమిటంటే, పక్కింటావిడ చేసిన ఫోన్ తలంబ్రాలు అయ్యాక మండపం ఆఫీసు గదికి వచ్చింది, మావయ్య ఎత్తారు, అప్పుడు నాన్నగారికీ అత్తయ్యకీ చెప్పారు. వాళ్ళు భోజనాలు చెయ్యకుండానే ఊరికి వెళ్ళిపోయారు. నన్ను అత్తవారింటికి పంపించి, మర్నాడు చెప్పారు.

నేను చూసింది ఇంకొకటుంది. ముహూర్తానికి ముందు గౌరీపూజ దగ్గర కూర్చున్నాను. ఆ గది కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఆఫీసు గది తలుపు. పాలు ఇంకా రాలేదని, పాలవాడికి ఫోన్ చేసొస్తానని వెళ్ళింది అత్తయ్య. బయటికొచ్చి, ఆ గుమ్మంలోనే నిలబడిపోయింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. ఫోన్ చేసిన చేతులు తడి ఎందుకవుతాయి అని నాకు అప్పుడు తోచలేదు. తరవాత నా దగ్గరికొచ్చి, “ఆ గాజులు సరిచేసుకోవే, ఒకదాని మీదొకటి ఎక్కాయి,” అంది. అంతే. తలంబ్రాల దగ్గర, నా దోసిట్లో ముత్యాలు తక్కువయ్యాయని మళ్ళీ మళ్ళీ పోస్తూ, పెళ్ళికొడుకు తలమీద పొయ్యమని నవ్వుతూ నన్ను ఎగదోసింది ఆవిడే.

ఆ నవ్వు నాకు కావాలి. నా పెళ్ళిలో నాకు బాగా గుర్తున్నది అదే. అత్తయ్యకి తెలియకపోతే, ఆ నవ్వు మేనకోడలి పెళ్ళిలో ఒక మేనత్త నవ్వు. తెలిసి ఉంటే, తల్లి పోయిన బాధని అణుచుకుని నాకోసం తెచ్చిపెట్టుకున్నది. అప్పుడు నేను ఆవిడకి జీవితంలో ఒక్కసారైనా దణ్ణం పెట్టి చెప్పుకోవలసిన మాట ఒకటి ఉంది. తెలియకుండా చెబితే మాత్రం, చెయ్యని పనిని ఆవిడకి అంటగట్టినట్టు. ఏది నిజమో తేలనిదే నేను నోరు విప్పలేను.

తెలిసి చేసిందంటే నమ్మబుద్ధి కాదు కూడా. మైల విషయంలో అత్తయ్య ఎంత పట్టింపు మనిషో చెబితే నవ్వుతారు. మావయ్య తరఫు దూరపు బంధువు పోయారని తెలిస్తే, ఊరగాయ జాడీల వైపు చూడటం కూడా మానేసేది. కర్టెన్లు తడిపేది. “మనకి రాదటే మైల, పురోహితుడే చెప్పాడు,” అని మావయ్య అంటే, “వస్తుందో రాదో తరవాత చూద్దాం, ముందు మీరు స్నానం చెయ్యండి,” అనేది. అలాంటి మనిషి, సొంత తల్లి పోయిందని తెలిసి, జీలకర్రా బెల్లం పెట్టేవేళ నా వెనక నిలబడి తెర పట్టుకుంటుందా? పట్టుకోదనే అనుకుంటాను. అంతలోనే ఆ గుమ్మం గుర్తొస్తుంది.

ఇదంతా నాలోనే ఉండేది, ఆ సినిమాల గ్రూపులో దసరా సెలవుల గొడవ రాకపోతే.

సిరీస్‌లో మూడో సినిమా చివర ఒక విందు ఉంది. గాలివానకి ఆనకట్ట కూలకుండా హీరో ఆపుతాడు. వాన వెలిశాక ఆ సాయంత్రమే ఊరివాళ్ళందరూ ఆనకట్ట మీదే పొడుగాటి బల్లలు వేసి భోజనాలు పెడతారు. హీరో వడ్డిస్తాడు, పిల్లల్ని ఎత్తుకుంటాడు, పగలబడి నవ్వుతాడు. అది జూన్ నెల అని ఆ సినిమాలోనే ఒక పేపర్లో కనిపిస్తుంది. నాలుగో సినిమాలో అతన్ని పెంచిన అక్క వేరే ఊళ్ళో, ఆసుపత్రిలో చనిపోతుంది. అక్క కొడుకు మంచం పక్కన కూర్చుని, “దసరా సెలవులిచ్చారమ్మా, నీ దగ్గరే ఉంటాను,” అంటాడు. ఇంకేముంది, సెలవులు దొరికాయి. అక్క పోయింది అక్టోబరులో. అంటే విందు అయిన కొన్ని నెలలకి. అత్తయ్య ఆ అట్టని దండెం మీద దూరంగా, కుడివైపున తగిలించింది. గ్రూపంతా ఒప్పుకుంది. దాన్ని బట్టి తరవాత సినిమాల అట్టలన్నీ సర్దుకున్నారు. అలా ఏళ్ళు గడిచాయి. మావయ్య కూడా ఈలోగా వెళ్ళిపోయారు.

ఒక ఆదివారం భీమవరం అమ్మాయి కాల్‌లో అంది.

“అత్తయ్యగారూ, ఒక మాట చెప్తే కోప్పడరు కదా?”

“కోప్పడితే ఏం చేస్తావ్, చెప్పడం మానేస్తావా?”

“నేను రాత్రి ఒరిజినల్ ఇంగ్లీషులో చూశానండి. అందులో దసరా లేదండి.”

“మరి?”

“సమ్మర్ హాలిడేస్ అన్నాడండి వాడు. అక్కడ జూన్‌లో ఇస్తారంటండి. మనవాళ్ళు డబ్బింగులో దసరా అని పెట్టేశారండి.”

నేను అప్పుడు అక్కడే ఉన్నాను, వరండా మెట్టుమీద. ఫోన్‌లోంచి నలుగురూ ఒకేసారి అరుస్తున్నారు. అత్తయ్య మాత్రం ముందు నవ్వింది. కళ్ళజోడు తీసి మరీ నవ్వింది.

“ఎవరో మహానుభావుడు ఆ పిల్లాడికి ఉత్తపుణ్యానికి దసరా సెలవులిచ్చేశాడు! నేనేమో వాటిని పట్టుకుని ఇన్నేళ్ళు మీకు పాఠం చెప్పాను. ఇంగ్లీషు బడి పిల్లాడికి దసరా ఏంటని నాకైనా తోచాలి కదర్రా!”

“మాకూ తోచలేదండి.”

“మీకెలా తోస్తుంది, చెప్పింది నేనైతే?”

లేచి దండెం దగ్గరికెళ్ళింది. అక్క చనిపోయిన అట్ట క్లిప్పు తీసి, ఎడమవైపుకి తీసుకొచ్చింది. ఆ అమ్మాయి ఇంకో ఆధారం చెప్పింది. ఆసుపత్రి టీవీలో వార్త వస్తుంటుంది, ఆనకట్ట మీది గాలివాన గురించి. అంటే నెల ఒకటే కాదు, రోజు కూడా ఒకటే. అట్ట విందు పక్కకి వచ్చేసింది. అప్పుడు మేత కంపెనీ ఆయన అందుకున్నాడు.

“మరైతే విందులో హీరో నవ్వుతున్నాడు కదండీ! ఆయన నడుముకున్న, కబుర్లొచ్చే మెషీన్‌లో ఎర్రదీపం వెలుగుతోందండి, నేను ఆపి చూశాను. మెసేజ్ వచ్చిందన్నమాటే కదండీ? వాళ్ళక్క పోయిందని తెలిసి నవ్వుతున్నాడా, చూసుకోకుండా నవ్వుతున్నాడా?”

ఒక్కసారిగా రెండు పార్టీలయ్యాయి. తెలిసి నవ్వితే వాడసలు మనిషేనా అని ఒకళ్ళు. తెలిసి కూర్చున్నాడు కాబట్టే హీరో అని ఇంకొకళ్ళు. దీపం వెలిగితే చూడడా, అంత పనిలో ఎలా చూస్తాడు అని వాదన. “అత్తయ్యగారూ, మీరు చెప్పండి, మీరెటంటే అటే,” అన్నారందరూ. అంతవరకూ ఏ తప్పు వచ్చినా నిమిషంలో సర్దేసిన మనిషి, చేతిలో క్లిప్పు పట్టుకుని ఆ రెండు అట్టల మధ్యా చూస్తూ నిలబడింది. నేను మెట్టుమీద కదలకుండా కూర్చున్నాను.

ఏమీ రాయని అట్ట ఒకటి తీసుకుని, విందుకీ చావుకీ మధ్య తగిలించింది.

“ఇది ఇలా ఖాళీగా ఉండనివ్వండర్రా. ఇవాళ్టికి చాలు.” ఫోన్ కట్టేసింది.

అప్పుడు అడిగాను. నేరుగా అడగలేదు.

“ఏం అత్తయ్యా, ఆయనకి తెలుసంటావా?”

“ఎవరికే?”

“ఆ హీరోకే.”

“హీరో సంగతా?” అని, అట్టలు ఊగకుండా సరిచేస్తూ, “తెలిసినా తెలియకపోయినా, ఆ పూట వడ్డించాల్సిందేగా! అంతమంది బల్లల ముందు కూర్చున్నాక,” అంది. తరవాత, “అన్నం వండెయ్యనా, ఉప్మా చాలా?” అంది.

రాజమండ్రి వచ్చి నా పెళ్ళి వీడియో బయటికి తీశాను. క్యాసెట్ నుంచి ఎప్పుడో డిస్కులోకి ఎక్కించుకున్నది. ఆ రోజుల్లో పెళ్ళి వీడియోలు ఎలా ఉండేవో తెలుసు కదా. పాటకి తగ్గట్టు ముక్కలు అతికిస్తారు. తలంబ్రాలు ముందు, స్నాతకం తరవాత, మధ్యలో భోజనాలు, మళ్ళీ తలంబ్రాలు. నా పెళ్ళిలో ఏది ముందో నాకే తెలియని స్థితి. అత్తయ్య చెప్పినట్టు ముఖాలు చూడటం మానేశాను. ఒంటిమీద ఏముంది, చేతిలో ఏముంది.

పళ్ళెం పట్టుకుని గౌరీపూజ గదిలోకి వస్తున్న అత్తయ్య తలలో నిండుగా కనకాంబరాలున్నాయి. ఇంకోచోట నేను పీటమీద కూర్చుని ఉన్నాను. నాకూ పెళ్ళికొడుక్కీ మధ్య ఇంకా తెర ఉంది. కాబట్టి జీలకర్రా బెల్లం ఇంకా కాలేదు. తెర అంచు పట్టుకుని నా వెనక అత్తయ్య నిలబడింది. పురోహితుడి వైపు తల తిప్పినప్పుడు జడ కనిపిస్తుంది. తలలో పూలు లేవు.

ఇంట్లో చెప్పుకునే లెక్క ప్రకారం ఫోన్ వచ్చింది తలంబ్రాల తరవాత. పూలు లేనిది దానికి ఎంతో ముందు. కబురు విని, పైకి చెప్పలేక, పూలు మాత్రం తీసేసిందా? మైల పాటించడానికి ఆ పందిట్లో ఆవిడ చెయ్యగలిగింది అదొక్కటేనా? అనుకున్నాను. అంతలో ఆవిడ పక్కన నిలబడ్డ చిన్నపిల్ల మీద పడింది నా దృష్టి. ఆ పిల్ల జడలో కనకాంబరాలున్నాయి. ఆ పందిట్లో ప్రతి పిల్ల జడలోనూ ఉన్నాయనుకోండి.

ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని తరవాత వారం రావులపాలెం వెళ్ళాను. “నా పెళ్ళి వీడియో చూద్దామా అత్తయ్యా?” అన్నాను. “అదా! దానికి ముందూ వెనకా ఏడ్చిందా? ఆ వీడియో వాడిని నా క్లాసులో కూర్చోబెట్టాలి,” అంది. నేను నవ్వాను. పెన్‌డ్రైవ్ బ్యాగులోనే ఉండిపోయింది. అడగలేదనడం కంటే, అడిగితే చెప్పేస్తుందేమోనని భయపడ్డాననడం సరైనదేమో. అది కూడా ఖాయంగా చెప్పలేను.

ఆవిణ్ణి తీసుకెళ్ళే రోజున గ్రూపు పిల్లలు వచ్చారు, మేత కంపెనీ ఆయనతో కలిసి. ఎక్కడ నిలబడాలో తెలియక వరండాలో దండెం పక్కన నిలబడ్డారు. చుట్టాల్లో ఎవరో “మీరెవరి తాలూకమ్మా?” అంటే, భీమవరం అమ్మాయి తడుముకుని, “అత్తయ్యగారి తాలూకండి,” అంది. ఇంకెవరూ ఏమీ అడగలేదు.

పదమూడో రోజు అయ్యాక బావ ఇల్లు సర్దుతూ, “ఈ అట్టలు మీరే తీసుకెళ్ళండమ్మా,” అన్నాడు. ఆ అమ్మాయి వాటిని వరస చెడకుండా ఒక్కొక్కటే తీసి దారానికి గుచ్చుకుంది. ఖాళీ అట్ట దగ్గర ఆగింది.

“మేడమ్, దీని మీద ఏమైనా రాయమని మీతో చెప్పారా అండి?”

“లేదమ్మా.”

“అయితే ఇలాగే ఉంచేస్తామండి.”

“ఉంచండి,” అన్నాను.

ఉత్త క్లిప్పులు మిగిలాయి దండెం మీద. బావ ఆ సాయంత్రం దానిమీద తువ్వాలు ఆరేశాడు.

నిన్న ఆ వీడియో మళ్ళీ పెట్టి, తెర దగ్గర ఆపాను. అత్తయ్య చెయ్యి తెర అంచుని గట్టిగా పట్టుకుని ఉంది. తల అటు తిరిగి ఉంది. ముఖం కనిపించదు, కనిపించినా దాన్ని చూడకూడదనేది ఆవిడ. నూనె రాసి దువ్విన జడ, పూలు తురిమినచోట కాస్త చెదిరిన వెంట్రుకలు. ఆ పూలు తనే తీసేసిందో, ఆ చిన్నపిల్లకి పెట్టేసిందో నాకు తెలియదు. రెండింటిలో ఏది నిజమైతే బాగుండునో, అదీ తేల్చుకోలేకపోతున్నాను.